బంట్రోతు మేనల్లుడు

కోర్టులో ఆయన్ని అందరూ గంట అనేవారు, ఎదురుపడితే గంటగారు. లోకంలో అందరూ గొంతుతో పుడితే ఈయన గంటతో పుట్టాడని ఎప్పుడో ఒక ముసలి వకీలు వేసిన జోకు అది. వకీలు పోయాడు, జోకు మాత్రం పేరై నిలబడిపోయింది. ఆయన చేసేది బంట్రోతు పని. జడ్జిగారు వచ్చే తలుపు తీసి పట్టుకోవాలి, బల్లమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టి మూతెయ్యాలి, కాగితాల కట్టలు ఈ బీరువాలోంచి ఆ బల్లమీదికి మొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యమైన పని, వరండాలోకొచ్చి కేసులో ఉన్నవాళ్ళ పేర్లు మూడేసిసార్లు పిలవడం. ఆయన పిలిస్తే మెట్లకింద సిగరెట్టు తాగుతున్నవాడు దాన్ని సగంలో పారేసి పరిగెత్తుకొచ్చేవాడు. పక్క కోర్టుల బంట్రోతులు మైకులు కావాలని అడుగుతుంటే, ఈ కోర్టుకి ఫ్యాను లేకపోయినా పర్లేదుగానీ మైకుతో పనేముందని గుమాస్తాలు నవ్వేవారు.

తెల్లటి యూనిఫారం, నడుముకి ఇత్తడి బిళ్ళ ఉన్న బెల్టు. పొద్దున్నే లేచి ఆ బిళ్ళని తళతళలాడేలా రుద్దడం ఆయనకి అలవాటు. "ఇంట్లో గిన్నెలకి లేని భోగం ఈయనగారి బిళ్ళకుంది," అనేది భార్య.

ఏళ్ళ తరబడి బోను పక్కన నిలబడితే ఎవరికైనా కాస్త జడ్జిగాలి సోకుతుంది. గంటగారికి ఆ గాలి కొంచెం ఎక్కువే సోకింది. ఇంట్లో పిల్లలు గ్లాసు పగలగొడితే విచారణ జరిగేది, ఇద్దరి వాంగ్మూలాలూ విడివిడిగా తీసుకునేవాడు. సాయంత్రం కోర్టు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్లమీద కూర్చుని ఆనాటి తీర్పులన్నీ మళ్ళీ ఒకసారి తనే ఇచ్చేవాడు. అందులోనూ గంజాయి కేసులంటే ఆయనకి ఒళ్ళుమంట. "పదేళ్ళేసింది మా జడ్జమ్మగారు. నన్నడిగితే ఇంకో ఐదు కలపాలి. ఒకణ్ణి గట్టిగా బిగిస్తే పదిమందికి బుద్ధొస్తుంది," అనేవాడు టీ ఊదుకుంటూ.

"మీరుగానీ జడ్జయ్యుంటే ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలే గంటగారూ," అనేవాడు టీకొట్టాయన.

అది పొగడ్త అనుకుని గంటగారు మీసం దువ్వుకునేవాడు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. భర్త పోయినప్పటి నుంచీ ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనిలో ఉంది. మందునీళ్ళలో నాని నాని ఆవిడ చేతులు ఎప్పుడూ చర్మం లేచిపోయి ఉండేవి. ఆవిడకి ఒక్కడే కొడుకు. పుట్టినప్పుడు పిడికెడంత ఉన్నాడని బుల్లోడన్నారు. పెద్దయ్యాక గుమ్మం తగలకుండా వంగి లోపలికి రావాల్సినంత పొడుగయ్యాడు, అయినా బుల్లోడే. తండ్రి లేని పిల్లాడు కనక సగం పెంపకం మేనమామ ఇంట్లోనే జరిగింది. వాడికి సైకిలు నేర్పింది గంటగారే, మొదటిసారి గడ్డం గీసుకోవడం చూపించిందీ ఆయనే.

బుల్లోడు చెడ్డవాడేం కాదు, అలాగని మరీ బుద్ధిమంతుడూ కాదు. ఒక పాత వ్యాను నడిపేవాడు. ఇల్లు మారేవాళ్ళ మంచాలూ బీరువాలూ మోసేవాడు. సాయంత్రాలు స్నేహితులతో కూర్చుని ఒకటో రెండో దమ్ములు గంజాయి పీల్చేవాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి పార్కులో తాగుతూ దొరికాడు. అప్పుడు గంటగారు హడావుడిగా స్టేషనుకి వెళ్ళి, "నోరెత్తకుండా ఒప్పేసుకో. జరిమానా కట్టి ఇంటికెళ్ళిపోదాం. నలుగురికీ తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది," అన్నాడు. బుల్లోడు మేనమామ చెప్పినట్టే చేశాడు. వేరే కోర్టులో అరగంటలో తేలిపోయింది. ఎవరికీ తెలియలేదు. గంటగారు ఆ తెలివికి తనని తనే మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళకి వ్యాను ఇంజను మొరాయించింది, బాగుచేయించడానికి అప్పయింది. ఆ రోజుల్లోనే ఎవడో తెలిసినవాడు వచ్చి, పరుపులతోబాటు నాలుగు మూటలు పక్క ఊరికి చేర్చమన్నాడు. మూటల్లో ఏముందో బుల్లోడికి తెలుసు. ఆ సంగతి వాడు చివరిదాకా దాచలేదు. "తెలుసండి, వాసనే చెప్పేస్తుందిగా," అన్నాడు పోలీసులతో. దారిలో వ్యాను ఆపారు, పరుపులు దింపారు, మూటలు దొరికాయి. మూటలిచ్చినవాడు మాత్రం దొరకలేదు.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు అన్నగారింటికొచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుర్చీలో కూర్చోకుండా గోడకానుకుని నిలబడింది.

"అన్నయ్యా, కేసు మీ కోర్టుకే వచ్చిందంటున్నారు. జడ్జమ్మగారితో ఒక్క మాట..."

"నీకు మతి ఉందా? బంట్రోతుగాడు వెళ్ళి జడ్జితో మాట్లాడతాడా? ఉద్యోగం ఊడిపోతుంది."

"మాట్లాడొద్దులే. నువ్వక్కడ ఉంటావుగా, అదే ధైర్యం వాడికి."

గంటగారు లేచి కిటికీ మూశాడు. పక్కింటివాళ్ళు వినకూడదని. చేయాల్సిందేమిటో ఆయనకి బాగా తెలుసు. ముద్దాయి నా మేనల్లుడని గుమాస్తాకి ఒక్క ముక్క చెబితే కేసు వేరే కోర్టుకి పంపేస్తారు. కానీ చెబితే టీకొట్టు దాకా పాకిపోతుంది. ఇన్నాళ్ళూ ఇంకో ఐదేళ్ళు కలపాలన్న మనిషి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? పైగా తన పెద్దమ్మాయి నర్సు శిక్షణలో చేరి ఇంకా ఏడాది కాలేదు, అక్కడా ఈ మాట తెలిస్తే?

"చూడు," అన్నాడు చెల్లెలితో. "కోర్టుకి రా, వద్దనను. కానీ అక్కడ నన్ను పలకరించకు. నేను నీకేమీ కాను, నువ్వు నాకేమీ కావు. వాడిక్కూడా చెప్పు."

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "అదేం మాటండీ, తోడబుట్టినదాన్ని..." అనబోయింది. ఆయన చూసిన చూపుకి మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

చెల్లెలు ఏడవలేదు. "సరే అన్నయ్యా," అంది. ఆ సరే అన్నమాటని ఆవిడ చివరిదాకా నిలబెట్టుకుంది. ప్రతి వాయిదాకీ లాండ్రీలో సెలవు పెట్టి వచ్చేది. వరండాలో చివరి బెంచీమీద, గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నయ్య బయటికొచ్చి కొడుకు పేరు మూడుసార్లు పిలుస్తుంటే ఎవరో పరాయి మనిషి అరుస్తున్నట్టు తలవంచుకుని వినేది. మధ్యాహ్నం డబ్బా విప్పి తింటున్నప్పుడు గంటగారు అటుగా వెళితే మూత పెట్టేసేది, ఎక్కడ అలవాటుగా "తిన్నావా అన్నయ్యా" అని నోరు జారుతుందోనని.

ఒకరోజు ఒక వకీలుగారి గుమాస్తా అడిగాడు. "ఎవరండీ ఆవిడ? ఏ వాయిదా తప్పదు."

"ఎవరో. ముద్దాయి తల్లట," అన్నాడు గంటగారు.

అని, నాలుగడుగులు వేసి, కాగితాల కట్ట కింద పెట్టి, బీరువా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చెవులు కాలిపోతున్నాయి. తల్లట అన్నాడు, 'ట' తగిలించి మరీ అన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే తను రెండు మైళ్ళు వీపుమీద మోసుకెళ్ళిన చెల్లెల్ని.

తీర్పురోజు పొద్దున బోనులో ముందుగా ఇంకో మనిషి నిలబడ్డాడు. గోడ తగాదాలో సొంత తమ్ముణ్ణి ఇనపకడ్డీతో కొట్టి చంపినవాడు. ముందుగా అనుకుని చేసింది కాదు, ఆవేశంలో జరిగిందని వకీలు వాదించాడు. జడ్జమ్మగారు ఏడేళ్ళు వేసింది. ఆ మనిషి చేతులు జోడించి దణ్ణం పెట్టి దిగిపోయాడు.

తర్వాత గంటగారు వరండాలోకి వెళ్ళి మేనల్లుడి పేరు పిలిచాడు. గొంతులో ఎక్కడా తేడా రాలేదు. తేడా రానందుకు లోపల గర్వపడ్డాడు కూడా. ఆ గర్వం తలుచుకుంటే తర్వాత ఎన్నేళ్ళకీ ఆయనకి ఒళ్ళు కంపరమెత్తేది.

జడ్జమ్మగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు ఇంకా నెమ్మదిగా మాట్లాడింది. సరుకు బరువు చట్టం గీసిన గీత దాటిందనీ, అలా దాటితే పదేళ్ళకి తగ్గించే వీలు ఎవరికీ లేదనీ చెప్పింది. "అంతేకాదు," అంది కళ్ళజోడు తీసి, "ముద్దాయి ఇంతకుముందు ఒక చిన్న కేసులో నేరం ఒప్పుకున్నాడు. పార్కులో తాగిన కేసు. ఒప్పుకోకపోయి ఉంటే అది నిలబడేదో లేదో కూడా తెలియదు. కానీ ఒప్పుకున్నాడు. అందువల్ల చట్టప్రకారం ఇది రెండో నేరం అవుతుంది. రెండో నేరానికి పదిహేనేళ్ళు. ఇందులో నా ఇష్టం అంటూ ఏమీ లేదు. ఉంటే..." అని ఆగిపోయి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది.

గంటగారు బోను పక్కనే నిలబడి విన్నాడు. నోరెత్తకుండా ఒప్పేసుకో అన్నది తనే. ఇంకో ఐదు కలపాలి అన్నదీ తనే. కలిశాయి.

బోనులో బుల్లోడు ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత తల తిప్పి, నేరుగా గంటగారివైపు తిరిగి, "మామయ్యా, అమ్మని కాస్త..." అన్నాడు.

"నిశ్శబ్దం!" అన్నాడు గంటగారు. మాట ఆయన్ని అడక్కుండానే బయటికొచ్చింది. ఎన్నేళ్ళ అలవాటో.

జడ్జమ్మగారు తలెత్తింది. "ఎవరిని పిలుస్తున్నాడు?"

హాలంతా ఆయన్నే చూస్తోంది. గుమాస్తా, వకీళ్ళు, తలుపు దగ్గర పోలీసు. చివరి వరసలో చెల్లెలు మాత్రం తన కాళ్ళవైపు చూసుకుంటోంది. ఒక్క మాట చాలు. అవునండి, మా చెల్లెలి కొడుకండి. గంటగారు నీళ్ళు నమిలి, "తెలీదండి," అన్నాడు. అది చాలదనిపించి ఇంకా కలిపాడు. "ఇలాంటి కుర్రాళ్ళు కనపడ్డవాళ్ళందర్నీ మామయ్యా అనేస్తారండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. బుల్లోడు మేనమామని చూశాడు. వాడి మొహంలో కోపం లేదు, పెద్దవాళ్ళు గుడ్డలు మార్చుకుంటున్నప్పుడు పొరపాటున గదిలోకి వచ్చేసిన పిల్లాడి మొహంలా ఉంది. చప్పున తల దించుకుని జడ్జమ్మగారితో, "అవునండి. ఊరికే అలవాటండి. క్షమించండి," అన్నాడు.

పదిహేనేళ్ళ శిక్ష పడిన నిమిషంలో వాడు మేనమామ పరువు కాపాడాడు.

ఆ సాయంత్రం గంటగారు టీకొట్టుకి వెళ్ళలేదు. నేరుగా చెల్లెలి గదికి వెళ్ళాడు. ఆవిడ కొడుకు చొక్కాలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. తిట్టిపోస్తుందనుకున్నాడు, తిట్టిపోస్తే బాగుండుననుకున్నాడు.

"కాళ్ళు కడుక్కో అన్నయ్యా, భోంచేద్దువుగాని," అందావిడ.

"నన్నేమన్నా అనవే."

"నేను అనేదాన్నే. వాణ్ణి బండెక్కించేటప్పుడు వాడే అన్నాడు, మామయ్యనేమీ అనొద్దమ్మా, ఆయన కంగారుపడ్డాడు అని."

గంటగారికి చెంప చెళ్ళుమన్నట్టయింది. పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయాడు.

పై కోర్టుకి వెళ్ళారు. అక్కడా చట్టం అదే కదా, వాళ్ళూ అంతే అన్నారు. గంటగారు పనిలోకి వెళుతూనే ఉన్నాడు, పేర్లు పిలుస్తూనే ఉన్నాడు. కానీ ఇదివరకు చెవినపడి వెళ్ళిపోయే శిక్షలు ఇప్పుడు లోపల ఆగిపోయేవి. తాగి కారు నడిపి ఇద్దర్ని చంపినవాడికి మూడేళ్ళు. భార్య మొహంమీద వేడినూనె పోసినవాడికి ఐదు. విన్న ప్రతి అంకె పక్కనా ఆయన మనసు పదిహేను పెట్టి చూసేది. టీకొట్టు దగ్గర ఒకసారి ఉండబట్టలేక, "ఈ గంజాయి కేసుల్లో శిక్షలు మరీ ఎక్కువగా లేవూ?" అన్నాడు.

టీకొట్టాయన గరిట ఆపి చూశాడు. "ఇంకో ఐదు కలపాలన్నది మీరేగా? ఏమొచ్చింది గంటగారూ, ఎవరన్నా మీవాళ్ళు దొరికారా ఏంటి?"

నవ్వుతూనే అన్నాడు. గంటగారు కూడా నవ్వాడు. "ఛఛ, మావాళ్ళా!" అన్నాడు. టీ సగంలో వదిలేసి వచ్చేశాడు. మళ్ళీ లేదన్నాను, మళ్ళీ నేనే అన్నాను అనుకుంటూ ఇంటిదాకా తల ఎత్తకుండా నడిచాడు.

జైలుకి వెళ్ళడానికి ఆయనకి చాలాకాలం పట్టింది. మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర కాపలావాడు, "ఏమవుతారు మీరు?" అని అడిగాడు. ఈ కాపలావాడు ఖైదీల్ని కోర్టుకి తెచ్చేటప్పుడు చూసిన మొహమే. "తెలిసినవాణ్ణి," అన్నాడు గంటగారు. "చుట్టాలకే ములాఖత్ అండి. తెలిసినవాళ్ళకి కుదరదు," అన్నాడు వాడు. తెచ్చిన పళ్ళసంచి అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, అందరూ దాన్నే చూస్తున్నారనిపించింది.

రెండోసారి వెళ్ళినప్పుడు కాపలావాడు ఇంకా అడక్కముందే, "మేనమామని," అన్నాడు. కాపలావాడు ఒకసారి ఎగాదిగా చూసి పక్కకి తప్పుకున్నాడు. అంతే. ఆకాశమేం విరిగిపడలేదు.

జాలీకి అవతల బుల్లోడు సన్నబడ్డాడు. వంటశాలలో పని ఇచ్చారట, చేతులమీద కాలిన మచ్చలున్నాయి. మేనమామని చూడగానే మొహం విప్పారింది. "వచ్చావా మామయ్యా! మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి?" అన్నాడు. గంటగారు దారంతా మాటలు కూడబలుక్కుని వచ్చాడుగానీ, వాడే కబుర్లు చెప్పాడు. ఆ రోజు తనకంటే ముందు శిక్షపడిన మనిషి, తమ్ముణ్ణి చంపినాయన, ఇదే వంటశాలలో పనిచేస్తున్నాడట.

"మంచోడే మామయ్యా. రోజూ తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తాడు. నాకంటే ఎనిమిదేళ్ళు ముందెళ్ళిపోతాడు. నువ్వేం చేశావురా ఇంతకాలం వేశారని నన్నడుగుతాడు. వ్యాను నడిపానన్నా అంటే నమ్మడు."

"తప్పు చేశావు కదరా," అన్నాడు గంటగారు. ఏదో ఒకటి అనాలని అన్నాడు.

"చేశాను. లేదన్నానా? ఎంత తప్పు చేశాను, అది చెప్పు. నువ్వు అన్నేళ్ళుగా అక్కడ నిలబడి వింటున్నావుగా. నాకు తెలీక అడుగుతున్నా, నిజంగానే. రెండేళ్ళంటే సరే అనుకుందును. నాలుగైదు వేసినా ఏడ్చుకుంటూ ఒప్పుకుందును. పదిహేనంటే ఏంటి మామయ్యా? బయటికెళ్ళేసరికి నాకు నలభై. పెళ్ళీ లేదు, పనీ లేదు. అమ్మ ఉంటుందో ఉండదో."

గంటగారు జాలీ పట్టుకుని నిలబడ్డాడు. టీకొట్టు బల్లమీద తన నోటికి ఎన్ని ఏళ్ళు వచ్చాయి, ఎంత తేలిగ్గా వచ్చాయి! అప్పుడు అవి ఉత్త అంకెలు. ఒక్క ఏడాదంటే ఎంత పొడుగుంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

"ఆ పార్కు కేసు ఒప్పుకోమని నేనే..." అన్నాడు.

"నాకు తెలుసులే," అన్నాడు బుల్లోడు. అంతలో టైమైపోయిందని అరిచారు.

ఆ వారంలోనే గంటగారు జడ్జమ్మగారి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ అప్పటికి రిటైరై మొక్కలు పెంచుకుంటోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "అమ్మా, ఆ రోజు మామయ్యా అని పిలిచిన కుర్రాడు నా మేనల్లుడండి. మీ ముందు అబద్ధమాడాను," అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న మట్టి దులుపుకుంది. "చెప్పి ఉంటే కేసు ఇంకో జడ్జి దగ్గరికెళ్ళేది," అంది. "వాళ్ళూ పదిహేనే వేసేవారు. నాకు మాత్రం ఆ ఒక్క తీర్పు తప్పేది. ఆ రోజు ఇంటికొచ్చి నా కొడుకు మొహం చూడలేకపోయాను. వాడిదీ అదే వయసు. చట్టం రాసినవాళ్ళు బోనులో ఉన్న మనిషిని చూడమనలేదు, త్రాసులో ముల్లు ఎక్కడుందో అదొక్కటే చూడమన్నారు."

అప్పట్లో ప్రభుత్వం ఇలాంటి శిక్షలమీద జనం మాట వినడానికి ఒక కమిటీ వేసింది. వెళ్ళి మాట్లాడమని ఆవిడే చెప్పింది. "నేనూ వస్తాను. కానీ అక్కడ చెబితే మీ ఆఫీసుకి తెలుస్తుంది, చూసుకోండి."

కమిటీ కూర్చున్నది ఒక కాలేజీ హాల్లో. గంటగారికంటే ముందు ఒకావిడ లేచి మాట్లాడింది. ఆవిడ కొడుకు గంజాయితో మొదలుపెట్టి ఇంకా పెద్ద మత్తుల్లోకి జారి, ఇంట్లో సామాన్లమ్మి, చివరికి పిచ్చాసుపత్రిలో చేరాడు. "మోసుకొచ్చినవాడు లేకపోతే మా వాడికి ఎలా దొరికేది? వాళ్ళమీద జాలి చూపించమంటున్నారే, నా కొడుకుమీద ఎవరు చూపించారు?" అని ఏడ్చింది.

తర్వాత గంటగారి వంతు. అంతటి గొంతూ ముందు వరుస దాటలేదు. గట్టిగా చెప్పమని వెనకనుంచి అరిచారు.

"ఆ అమ్మకి నేను జవాబు చెప్పలేనండి," అన్నాడు. "నా మేనల్లుడు మోశాడు. ఆ మూటల్లోది ఇలాంటి ఏ అబ్బాయి దగ్గరికి చేరేదో నాకు తెలీదు. వదిలెయ్యమనడం లేదండి. శిక్ష వెయ్యండి. కానీ మా కోర్టులో ఆ పూటే మనిషిని చంపినవాడికి ఏడేళ్ళు వేశారు, వీడికి పదిహేను. ఆ పదిహేనులో ఐదు నావల్ల. ఇంకా ఎక్కువ వెయ్యాలని అందరితో చెప్పుకు తిరిగింది కూడా నేనే. నా ఇంటికి రానంతవరకూ నాకది తక్కువగానే కనపడింది. అదండి నా సిగ్గు. వాడు నా వాడని కోర్టులో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను." ఇంకేదో చెప్పాలనుకున్నాడు. గుర్తురాలేదు. కూర్చున్నాడు.

జడ్జమ్మగారు హెచ్చరించినట్టే అయింది. బంధుత్వం దాచినందుకు ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడిగారు, ఇంక్రిమెంటు ఆపారు, బెల్టు తీసేసుకుని కింద రికార్డుగదికి మార్చారు. వరండాలో పేర్లు పిలవడానికి ఇంకొకణ్ణి పెట్టారు, వాడు మైకు అడిగి తెచ్చుకున్నాడు. టీకొట్టాయన మాత్రం ఏమీ అనలేదు. ఇదివరకులాగే టీ ఇచ్చి, పక్కకి తిరిగి పాలు మరిగించుకున్నాడు. అనకపోవడమే గంటగారికి ఎక్కువ గుచ్చుకుంది.

నాలుగేళ్ళకి చట్టం మారింది. మోసినవాళ్ళకీ అమ్మినవాళ్ళకీ వేరువేరు శిక్షలు పెట్టారు, చిన్న పాత కేసుని లెక్కలోకి తీసుకోవద్దన్నారు. అయితే అది కొత్తగా దొరికినవాళ్ళకే. బుల్లోడు చేసినలాంటి పనే చేసిన ఒకడు మూడేళ్ళ శిక్షతో అదే వంటశాలలోకి వచ్చి, మూడేళ్ళూ పూర్తిచేసుకుని, బుల్లోడికి చెయ్యూపి వెళ్ళిపోయాడు. పాతవాళ్ళ సంగతి తేల్చడానికి ఇంకా అర్జీలు, ఇంకా వాయిదాలు. చివరికి బుల్లోడు పదకొండో ఏట బయటికొచ్చాడు. జడ్జమ్మగారు అది చూడ్డానికి లేదు.

తీసుకురావడానికి గంటగారొక్కడే వెళ్ళాడు. చెల్లెలికి కళ్ళు సరిగా కనపడ్డం లేదు, ఇంట్లోనే ఉంది. బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బుల్లోడు కిటికీలోంచి చూస్తూ, "ఇన్ని ఫోన్లేంటి మామయ్యా, ఒక్కడూ తలెత్తడం లేదు," అని నవ్వాడు. ఎదురుసీటు పెద్దాయన వాడి చేతిలోని ప్లాస్టిక్ సంచినీ కత్తిరించిన జుట్టునీ చూసి, "ఎక్కణ్ణుంచి బాబూ రావడం?" అన్నాడు.

గంటగారు ఈ ప్రశ్న కోసమే పదకొండేళ్ళుగా కాచుక్కూర్చున్నట్టు గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. "జైలు నుంచండి. నా సొంత మేనల్లుడు. గంజాయి కేసు. ఏం దాచాల్సిన పనిలేదు," అన్నాడు. ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. బస్సంతా మారుమోగింది. ఫోన్లలోంచి తలలు లేచాయి. ముందుసీట్లో ఒకావిడ తన బ్యాగుని కాళ్ళ దగ్గరినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బుల్లోడి మొహం కందిపోయింది. దిగాల్సిన చోటు ఇంకా దూరమున్నా లేచి, వచ్చిన స్టాపులో దిగిపోయాడు. గంటగారు మోకాళ్ళు పట్టుకుని వెనకే దిగాడు.

"ఎందుకు మామయ్యా అలా?"

"ఇంకెప్పుడూ నిన్ను కాదనకూడదనుకున్నాన్రా..."

"అది నీకోసం అనుకున్నావు. అందరూ నన్ను చూశారు, నిన్ను కాదు. పదకొండేళ్ళు నన్ను అందరూ చూస్తూనే ఉన్నారు. ఈ ఒక్క పూట ఎవరికీ తెలియకుండా బస్సులో కూర్చుందామనుకున్నాను."

గంటగారికి తల కొట్టేసినట్టయింది. ఆనాడు కాదన్నదీ ఈనాడు అవునన్నదీ రెండూ తన పరువు చుట్టూ తిరిగినవే. మధ్యలో వాడున్నాడని రెండుసార్లూ మర్చిపోయాడు. మిగిలిన దారంతా ఇద్దరూ నడిచే వెళ్ళారు. మేనమామ వెనకబడినప్పుడల్లా బుల్లోడు ఆగి నిలబడ్డాడు.

చెల్లెలు కొడుకు మొహమంతా చేతులతో తడిమి చూసుకుంది. వాడు ఆవిడ పక్కన మంచంమీద కూర్చున్నాడు. గంటగారు గుమ్మం దగ్గరే ఉండిపోయి, ఎన్నేళ్ళుగానో మోస్తున్న మాట అప్పుడన్నాడు. "నన్ను క్షమించరా."

బుల్లోడు మంచంమీద నుంచే అటు తిరిగాడు. "ఆ రోజు నువ్వు అవునన్నా నా శిక్ష తగ్గేది కాదు. నీ ఉద్యోగం పోయేది, అంతే. చూసుకుంటే నువ్వు చేసిందే తెలివైన పని. కానీ మామయ్యా, నేను నిన్ను సాయం అడగలేదు. అమ్మని కాస్త ఇంటిదాకా దిగబెట్టమందామనుకున్నాను. ఆ రోజు అమ్మ బస్సు దొరక్క నడిచి వెళ్ళిందట."

చెల్లెలు, "పోనీలేరా, పాత సంగతులు ఇప్పుడెందుకు," అంది. గంటగారు ఆ సంగతి అప్పుడే వింటున్నాడు.

నెల తిరక్కముందే బుల్లోడికి ఒక బల్లలూ కుర్చీలూ చేసే దుకాణంలో పని ఉందని తెలిసింది. ఎవరైనా పెద్దవాళ్ళని తీసుకురమ్మన్నారు. బుల్లోడే వచ్చి మేనమామని అడిగాడు. దుకాణం మలుపు దగ్గర గంటగారు ఆగి, "లోపల ఏం చెప్పమంటావురా?" అన్నాడు. చిన్నపిల్లాడు పెద్దవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"అడిగితే ఉన్నది చెప్పు. అడక్కపోతే ఊరుకో."

యజమాని చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చాడు. బుల్లోడి చేతులు చూశాడు, బరువులు ఎత్తగలవా అన్నాడు. గంటగారి వైపు తిరిగి, "మీరేమవుతారు?" అన్నాడు.

"మేనమామనండి," అన్నాడు గంటగారు, పక్కవాడికి మాత్రం వినపడేంత నెమ్మదిగా.

యజమాని తలూపి, రేపట్నుంచి రమ్మన్నాడు. ఇంకేమీ అడగలేదు. బుల్లోడు రంపపు మిషను చూస్తానని లోపలికి వెళ్ళాడు. గంటగారు బయట ఎండలో కాసేపు నిలబడి, వాడు ఇప్పట్లో రాడని తెలిసి, ఒక్కడే ఇంటిదారి పట్టాడు.